బురద టైరు బురదలో చావదు

పోయిన వారం ఒక ఫ్రెండు మూడు టైర్ల ఫొటోలు పంపి "వీటిల్లో ఏది ఎక్కువ కాలం వస్తుందో చెప్పరా" అన్నాడు. మూడూ మడ్ టెరైన్‌లే, అంటే బురద దారుల కోసం చేసిన టైర్లే. మూడు ఫొటోలూ ఎదురుగా నిలబడి తీసినవే, కాబట్టి కనిపిస్తున్నదల్లా ట్రెడ్డు, అంటే నేలని తాకే భాగం. లావుపాటి రబ్బరు దిమ్మెలు, మధ్యలో వేలు దూరేంత సందులు, అంచుల్లో మొసలి పళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన ముక్కలు. చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది, అబద్ధం ఎందుకు. నేను "సైడ్‌వాల్ ఫొటో పంపు" అన్నాను, అంటే టైరు పక్క గోడది. "సైడ్‌వాల్‌లో ఏముంటుందిరా, కంపెనీ పేరేగా" అన్నాడు. ఈ పోస్టు వాడి ఆ జవాబు పుణ్యమే.

ట్రెడ్డు పూర్తిగా అరిగి, నిండు వయసులో పోయిన మడ్ టైర్లు నేను చూసినవాటిల్లో చాలా తక్కువ. ఎక్కువ టైర్లు ఒంటి మీద రబ్బరు పుష్కలంగా ఉండగానే పోయాయి. పక్క చీలి, లేదా లోపల దారాలు తెగి గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు వచ్చి. అయినా మన్నికైన టైరు కావాలని బయల్దేరినవాళ్ళం అందరం ట్రెడ్డు లోతే కొలుస్తాం. కొత్త మడ్ టైరుకి 18/32 అంగుళాలు, అంటే 14 మిల్లీమీటర్ల పైన లోతుంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఆ 14 మిల్లీమీటర్లు అరిగేదాకా టైరు బతుకుతుందా అన్నది అసలు ప్రశ్న, దాని జవాబు పక్క గోడలో ఉంటుంది. ఇంకో సగం జవాబు డ్రైవింగ్ సీట్లో ఉంటుంది, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నా టైరు ఎలా పోయిందంటే

కొన్నేళ్ళ కిందట నేను 285/70ఆర్17 సైజులో (285 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 70 శాతం, 17 అంగుళాల రిమ్ము) ఒక మడ్ టైరు సెట్టు వేయించుకున్నాను. కంపెనీ పేరెందుకులెండి, దాని తప్పు ఎంతో నా తప్పు ఎంతో ఇప్పటికీ లెక్క తేలలేదు. మొదటి ఏడాది బాగానే గడిచింది. ఒకరోజు ఎండిపోయిన వాగు అడుగున గాలి 18 పీఎస్ఐకి దించుకుని మెల్లగా దిగుతుంటే, వెనక ఎడమ టైరు ఒక రాయి పక్కనుంచి జారింది. పెద్ద రాయేం కాదు, బిందె సైజుది, కానీ ఒక అంచు గొడ్డలిలా ఉంది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, పాము బుస కొట్టినట్టు ఒక శబ్దం, అంతే. దిగి చూస్తే వేలెడు పొడవు చీలిక. ట్రెడ్డులో మేకు దిగితే ప్లగ్గు వేసుకుని పోవచ్చు. సైడ్‌వాల్ చీలితే ప్లగ్గులు గుచ్చి ఇంటిదాకా ఈడ్చుకురాగలమేమో గానీ ఆ టైరు మళ్ళీ నమ్మకంగా రోడ్డెక్కదు, ఎందుకంటే గాలి బరువు మోసే దారాలే అక్కడ తెగిపోయాయి.

అప్పుడు ఆ టైరుని బాగా తిట్టాను. ట్రెడ్డు మూడొంతులు పైనే మిగిలి ఉంది మరి. స్టెప్నీ వేసుకుని వచ్చేశాను.

మూడు నెలల తర్వాత అదే సెట్టులో ఇంకో టైరు పోయింది, ఈసారి నున్నటి తారురోడ్డు మీద, రాయీ లేదు రప్పా లేదు. దాన్ని రిమ్ము నుంచి తీసిన పెద్దాయన లోపల చెయ్యి పెట్టి తిప్పి, గుప్పెడు నల్లటి రబ్బరు పొడి తీసి నా ముందు పోశాడు. లోపలి గోడ చుట్టూ గాజులాగా ఒక అరుగుదల గీత. "గాలి లేకుండా తోలావు బాబూ" అన్నాడు. లేదన్నాను. తర్వాత రాత్రి పడుకుంటే గుర్తొచ్చింది. అంతకు ముందొక ట్రిప్పులో కంప్రెసర్ ఫ్యూజు పోయింది. మట్టి దారిలోంచి బయటపడ్డాక గాలి నింపుకోకుండా అదే 18 పీఎస్ఐతో నలభై కిలోమీటర్లు తారు మీద మామూలు స్పీడులోనే వచ్చేశాను. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ గోడ దగ్గర మడతపడి లేస్తుంది, ఆ మడతల్లో వేడి పుడుతుంది, వేడికి రబ్బరు దారాల్ని వదిలేస్తుంది. ఆ రోజే పేలదు. నెలల తర్వాత, ఏమీ లేని చోట పేలుతుంది. మరి ఆ మొదటి టైరు కూడా వాగులో రాయి వల్లే పోయిందా, లేక అప్పటికే నేను సగం చంపి తీసుకెళ్ళానా? నాకు తెలీదు. అందుకే ఫలానా టైరు చెత్త అని ఎవరైనా అంటే, గాలి ఎంత పెట్టారని అడగబుద్ధేస్తుంది.

చచ్చిన టైరుని అటూ ఇటూ తిప్పుతుంటే గోడ మీద చిన్న అక్షరాల్లో ఒక వరుస కనిపించింది. ట్రెడ్డు దగ్గర ఎన్ని స్టీలు పొరలు, ఎన్ని పాలియెస్టర్, ఎన్ని నైలాన్. దాని పక్కనే సైడ్‌వాల్: 2 పాలియెస్టర్. ఏడాదికి పైగా రోజూ చూసిన టైరు మీద ఉన్న ఆ ముక్క నేను చదివింది టైరు పోయాక.

గోడ ఎందుకు పలచన

పాత కాలం బయాస్ టైర్లలో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోతాయి. ట్రెడ్డు కింద ఎన్ని పొరలో దాదాపు గోడలోనూ అన్నే. రేడియల్ (మిషెలిన్ దీనికి పేటెంటు తీసుకున్నది 1946లో) లెక్క వేరు. పొరలు నేరుగా ఈ బీడు (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) నుంచి ఆ బీడుకి పోతాయి, స్టీలు బెల్టులు ట్రెడ్డు కింద మాత్రమే ఉంటాయి. అందుకే రేడియల్ రోడ్డు మీద చల్లగా, సాఫీగా నడుస్తుంది, ఎక్కువ కాలం అరగదు. అందుకే దాని గోడ పలచన కూడా. మనకి నచ్చే మెత్తదనం, మనల్ని నడిదారిలో నిలబెట్టే బలహీనత, రెండూ ఒకే చోటు నుంచి వస్తున్నాయి. సూపర్ స్వాంపర్ లాంటి బయాస్ టైర్లని ఇప్పటికీ ప్రేమించేవాళ్ళు ఉన్నారంటే ఊరికే కాదు. కానీ వాటితో రోజూ రోడ్డు మీద తిరగడం వేరే సంగతి. రాత్రంతా ఒకచోట ఆపితే పొద్దున్నే కింద చదునైపోయి, మొదటి కొన్ని కిలోమీటర్లు బండి గుర్రంలా ఎగురుతుంది.

ఈ బలహీనత కంపెనీలకి తెలియక కాదు. గోడలో మూడో పొర పెట్టడం, పొరని బీడు చుట్టూ తిప్పి మళ్ళీ గోడ మీదికి ఎత్తి కట్టడం, బయట మందపాటి రబ్బరు దిమ్మెలు పోయడం, ఇవన్నీ దానికోసమే. గుడ్‌ఇయర్ ఒక మడ్ టైరు గోడలో కెవ్లార్ అనే గట్టి దారం కూడా వాడింది. ఇందులో బయటి దిమ్మెల గురించి నాకొక అనుమానం ఉంది. రాయి ఒరుసుకుంటే గోడని కాపాడతాయి, లోతైన గాడిలో పక్కల్ని పట్టుకుని బండిని పైకి లాగుతాయి కూడా. అయితే చాలా టైర్లలో అవి పై అంచు దగ్గరే ఆగిపోతాయి. గోడ అన్నిటికన్నా ఎక్కువ ఉబ్బేది మధ్యలో, అక్కడ చూస్తే కంపెనీ పేరు తప్ప ఏమీ ఉండదు. (ఆ విధంగా మా ఫ్రెండు మాట నిజమే.)

పది ప్లై అంటే పది పొరలు కాదు

ఈ ఒక్క అపోహ వల్ల జనం ఎంత అనవసరపు బరువు మోస్తున్నారో. లోడ్ రేంజ్ సి అంటే 6 ప్లై రేటింగు, డి అంటే 8, ఇ అంటే 10. ఈ అంకెలు నూలు దారాల కాలం నాటివి. అప్పుడు నిజంగానే అన్ని పొరలు ఉండేవి, ఇప్పుడు అన్ని నూలు పొరలకి సమానమైన బలం అని అర్థం. అంటే ఎంత గాలి పట్టించి ఎంత బరువు మోయించొచ్చో చెప్పే అంకె అది. మామూలు ఎల్‌టీ (లైట్ ట్రక్కు) సైజుల్లో సి కి 50 పీఎస్ఐ, ఇ కి 80 దాకా. రాయి తగిలితే ఏమవుతుందో ఆ అంకె నేరుగా చెప్పదు. గోడలో రెండే పొరలున్న ఇ టైర్లు ఉంటాయి, మూడు పొరలున్న సి టైర్లూ ఉంటాయి. పక్కనే ఉండే 121క్యూ లాంటి గుర్తు కూడా అంతే: 121 అంటే 1450 కిలోలు, క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు. దాదాపు మడ్ టైర్లన్నీ ఆ క్యూ దగ్గరే ఉంటాయి.

బండి తేలికైనదీ, వెనక పెద్ద లోడు వెయ్యనిదీ అయితే నేను మూడు పొరల గోడ ఉన్న సి టైరుకే ఓటేస్తాను. ఇ టైరు ఆ బరువుకి సరిగ్గా వంగదు. గాలి దించినా కర్రలా నిలబడి రాయి మీంచి ఎగురుతుంది తప్ప రాయిని చుట్టుకోదు. దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో పస కూడా ఉంది. గోడ గట్టిగా ఉంటే తక్కువ ఉబ్బుతుంది, తక్కువ ఉబ్బితే రాయికి తక్కువ దొరుకుతుంది. నిజమే. పైగా చాలా సైజుల్లో సి దొరకనే దొరకదు, ఇ ఒక్కటే చేస్తారు, అప్పుడు ఈ చర్చంతా గాలికి పోతుంది. ట్రక్కులో నిజంగా బరువు వేసేవాళ్ళు, వెనక ట్రైలర్ లాగేవాళ్ళు ఇ తీసుకోవాల్సిందే, నేను చెప్పేది వాళ్ళకి కాదు.

ఇంకొకటి, బండితో వచ్చిన మామూలు కారు రకం టైర్లు తీసి ఎల్‌టీ వేసుకుంటే, డోరు మీద రాసి ఉన్న పాత గాలి లెక్క సరిపోదు. అదే బరువుకి ఎల్‌టీకి ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి. ఇది ఎవరూ చెప్పరు.

రబ్బరు సంగతి

గోడ తర్వాత చూడాల్సింది రబ్బరు, దీని గురించి టైరు మీద ఏ అంకే దొరకదు. కారు టైర్లకి అమెరికాలో ట్రెడ్‌వేర్ అని ఒక నంబరు అచ్చేస్తారు, ఎల్‌టీ టైర్లకీ లోతైన ట్రెడ్డు ఉన్నవాటికీ ఆ రూలు వర్తించదు. కాబట్టి ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందో ఊహించుకోవాల్సిందే. మెత్తటి రబ్బరు తడి బండరాయిని జిగురులా పట్టుకుంటుంది, తారు మీద సబ్బులా అరుగుతుంది. గట్టిది మెల్లగా అరుగుతుంది, తడి రాయి మీద జారుతుంది. రెండూ కావాలంటే కుదరదు, ఎంత ఖరీదు పెట్టినా.

కంకర రోడ్డు మాత్రం వేరే రకం శత్రువు. అరగదీయదు, కొరుకుతుంది. పదునైన కంకర మీద వేల కిలోమీటర్లు తిరిగిన మడ్ టైరుని చూడండి, దిమ్మెల అంచులన్నీ ఎలుకలు కొరికిన బెండులా ఉంటాయి. ఎత్తుగా, చుట్టూ ఆధారం లేకుండా నిలబడ్డ దిమ్మె ముందుగా పోతుంది. అందుకే నేను టైరు చూడ్డానికి వెళ్ళినప్పుడు దిమ్మెల మీద కన్నా వాటి పాదాల మీద కన్నేస్తాను. దిమ్మె కిందికి వచ్చేకొద్దీ మెట్టు మెట్టుగా వెడల్పవుతోందా, పక్క దిమ్మెకి అడుగున రబ్బరు వంతెన ఉందా, సందుల్లో రాళ్ళు ఇరుక్కోకుండా తోసేసే చిన్న గట్లు ఉన్నాయా. చేత్తో దిమ్మెని పట్టుకుని అటూ ఇటూ ఊపి కూడా చూస్తాను. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అయితే బురదలో?

ఇంతసేపూ ట్రెడ్డుని చిన్నచూపు చూశాను కాబట్టి దాని పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి. బంకమన్నులో ఆల్ టెరైన్ (అన్ని దారులకీ పనికొచ్చే రకం) టైరు రెండే చుట్లలో మట్టితో నిండి నున్నటి గుండు టైరైపోతుంది, తర్వాత మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అది అక్కడే నిలబడి నాట్యం చేస్తుంది. మడ్ టైరు సందులు వెడల్పు కాబట్టి చక్రం తిరిగే వేగానికి మట్టి విసిరేయబడుతుంది. దీనికి చక్రం కాస్త జోరుగా తిరగాలి. భయపడి నత్తనడకన పోతే మడ్ టైరు కూడా నిండుతుంది. ఇక్కడ దానికి పోటీ లేదు, ఒప్పుకుంటాను.

కానీ బురదలో దిగబడ్డ బండిని ట్రెడ్డు కన్నా ముందు గాలి దించడమే బయటపడేసిన సందర్భాలు నేను ఎక్కువ చూశాను. ఒక చక్రం మీద 600 కిలోల బరువుందనుకోండి. 35 పీఎస్ఐ దగ్గర నేలని తాకే మేర సుమారు 245 చదరపు సెంటీమీటర్లు, 18 దగ్గర అదే 475. గోడ బిగువు కొంత మోస్తుంది కాబట్టి ఇది కాగితం లెక్కే, నిజంలో కాస్త తేడా ఉంటుంది, కానీ దాదాపు రెట్టింపు అన్నమాట మాత్రం నిజం. ఆ పెరగడం కూడా ఎక్కువగా పొడవునే పెరుగుతుంది, ట్యాంకు పట్టాలాగా. 15 కన్నా కిందికి దించితే మామూలు రిమ్ము మీద బీడు ఊడొచ్చే భయం మొదలవుతుంది, ముఖ్యంగా స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే.

ఇక్కడే నా వాదనకి అడ్డం తిరిగే ముక్క ఉంది. గాలి దించితే ట్రెడ్డు రాళ్ళ మీద మెత్తగా మడుచుకుంటుంది, పంక్చర్లు తగ్గుతాయి. అదే సమయంలో గోడ బయటికి ఉబ్బి రాయికి ఎదురెళ్తుంది. అంటే టైరుని కాపాడటానికి చేసే పనే టైరు బలహీనతని బయటపెడుతుంది. మట్టి, ఇసుక అయితే ధైర్యంగా దించుతాను. పదునైన రాళ్ళ దారిలో 25 దగ్గర ఆపి, వేగం తగ్గించి, రాయి మీదికి నేరుగా చక్రం ఎక్కించడానికి చూస్తాను, పక్కనుంచి ఒరుసుకుంటూ పోకుండా. ఆ రోజు వాగులో నేను ఒరుసుకుంటూనే పోయాను, రాయిని తప్పించుకున్నానని సంబరపడుతూ.

వెడల్పు టైరు మంచిదా సన్నది మంచిదా అన్న గొడవ ఎప్పటికీ తేలదు. కింద గట్టి నేలున్న పలచటి బురద అయితే 255/85ఆర్16 లాంటి సన్నటి పొడవాటి టైరు కత్తిలా కోసుకుని అడుగుదాకా పోతుంది. అడుగు లేని బురద అయితే వెడల్పుది తేలుతుంది. మన్నిక లెక్కలో నేను సన్నదాని వైపే. గాడిలో పోతున్నప్పుడు దాని గోడ ఒడ్డుని తక్కువ రాసుకుంటుంది.

సైజు పెంచే ముందు కూడా ఒక చిన్న లెక్క వేసుకోండి. 265/70ఆర్17 నుంచి 285/70ఆర్17కి వెళ్తే వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది, బండి నేల నుంచి లేచేది అందులో సగం, 14. స్పీడోమీటరు 100 అంటే మీరు 103 దాటి పోతుంటారు. ఒక్కొక్క టైరు 27 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది, ఆ బరువుని తిప్పాల్సింది ఇంజను, ఆపాల్సింది బ్రేకు. ఇదంతా 14 మిల్లీమీటర్ల కోసం.

అసలు కావాలా

ఇన్ని మాటలు రాశాక చెప్పాల్సిన ఇబ్బందికరమైన సంగతి ఏంటంటే, నేను ఇప్పుడు మడ్ టైర్లు వాడట్లేదు. మూడు పొరల గోడ ఉన్న ఆల్ టెరైన్ వాడుతున్నాను. ఒక ఏడాది పాటు ప్రతి ట్రిప్పులో ఎంత దూరం దేని మీద పోయానో నోటుబుక్కులో రాసుకున్నాను. తీరా చూస్తే నిజమైన బురద మొత్తం కలిపి రెండు చేతుల వేళ్ళకి సరిపడా కిలోమీటర్లు. మిగతాదంతా కంకర, రాళ్ళు, తారు. వాన పడ్డ తారు మీద మడ్ టైరుకి ఆపుడు దూరం ఎక్కువ. దిమ్మెల మీద నీటిని కోసే సన్నటి గీతలు తక్కువ, నేలని తాకే రబ్బరూ తక్కువ. ఇక చప్పుడు సంగతి తెలిసిందే. కంపెనీలు దిమ్మెల సైజుల్ని కావాలనే ఎగుడుదిగుడుగా పేరుస్తాయి, ఒకే స్వరంలో ఊళపెట్టకుండా ఉండటానికి. కొత్తలో పనిచేస్తుంది. సగం అరిగాక, అదీ టైర్లని అటూ ఇటూ మార్చకపోతే, ఊళ మళ్ళీ మొదలు. మడ్ టైరుని 8000 కిలోమీటర్లకొకసారి స్థానం మార్చడం మానేస్తే దిమ్మెలు ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా అరిగి ఇక బాగుపడవు. మార్చేటప్పుడు ఐదోది, అంటే స్టెప్నీని కూడా కలిపి తిప్పండి. లేకపోతే నాలుగు అరిగి, ఒకటి కొత్తగా ఉండి, ఎండకి వెనక వేలాడుతూ ఊరికే ముసలిదైపోతుంది. టైరు గోడ మీదుండే డాట్ నంబరు చివరి నాలుగంకెలు దాని పుట్టినరోజు: 2321 అంటే 2021లో 23వ వారం. కొనేటప్పుడు ఐదింటి మీదా చూడండి.

అయినా ఎవరైనా మడ్ టైరే కావాలంటే నేను వద్దనను. అడవి పని చేసేవాళ్ళు, పొలం గట్ల మీద వానాకాలమంతా తిరిగేవాళ్ళు, లేదా ఊరికే అందం కోసం కావాలనుకునేవాళ్ళు, వాళ్ళ బండి వాళ్ళిష్టం. అందం కోసం కొనడం తప్పేం కాదు, అందాన్ని మన్నిక అనుకుని కొనడంతోనే నాకు పేచీ.

మా వాడికి ఇందులో సగం ఫోన్లో చెప్పాను, మిగతా సగం చెప్పేలోపు విసుక్కున్నాడు. నిన్న రాత్రి మళ్ళీ ఫొటో పంపాడు. ఈసారి ట్రెడ్డు లేదు, సైడ్‌వాల్ మీద ఆ చిన్న అక్షరాల వరుస. కాకపోతే చీకట్లో తీసినట్టున్నాడు, మసగ్గా ఉంది, పాలియెస్టర్ ముందున్నది 2 అంకో 3 అంకో తెలియట్లేదు. పొద్దున్నే వెలుతుర్లో తీసి పంపమన్నాను.